వెలుగుతో వెలుగు తగువు

“రెండు పక్కలనుంచి రెండు టార్చిలైట్లు కొట్టినావనుకో. వెలుగుకు వెలుగు తగుల్తాదా అమ్మా?” అన్నాడు ఉదయ్ కుమార్.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురే ఉన్నారు. పెనుకొండ దగ్గరి ఆ ఇంజనీరింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ తిమ్మరాజు, బయటినుంచి సబ్జెక్టు నిపుణుడిగా వచ్చిన ఉదయ్ కుమార్, వాళ్లకు ఎదురుగా హేమావతి. హిందూపురంలో గంటల లెక్కన పాఠాలు చెబుతూ, మిగిలిన పొద్దంతా ఒక ల్యాబులో పరిశోధన చేస్తూ ఆమె ఆరేళ్లు గడిపేసింది. ఫిజిక్సులో ఉన్న ఖాళీ ఒక్కటే. వచ్చే నెలకు వయసు దాటిపోతుంది. ఇది పోతే ధర్మవరంలో అమ్మ పక్కన మగ్గం గుంటలో కూచోవడమే.

ఉదయ్ కుమార్‌ను తిమ్మరాజు ముందే ఆకాశానికెత్తేశాడు. రెండు వందల పన్నెండు పరిశోధన పత్రాలట. ఆయన సంతకం పడందే చుట్టుపక్కల ఏ ల్యాబుకూ గ్రాంటు రాదట; వచ్చిన ల్యాబులన్నీ తమ పేపర్ల మీద ఆయన పేరు వేస్తాయట. పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందన్నట్లు, పొద్దున్నుంచి వచ్చినవాళ్లందరినీ ఆయన ఏడిపించే పంపాడు.

“ఊరికే అయితే తగలదు సార్. బాగా చల్లబరిచి, లేజరుతో లేపిన పరమాణువుల్లోంచి పంపితే ఒక ఫోటాన్ ఇంకోదాన్ని దగ్గరికి రానీదు. అట్లాంటివి శానా చేరిస్తే, లోహంలో ఎలక్ట్రాన్లు తోసుకునేదంతా వెలుగుతోనే చేసి చూడొచ్చు. ఆ లెక్క కంప్యూటరుకు అందదు సార్. మా పేపర్లో చేసింది అదే.”

పేపరు పేరు చెప్పమన్నాడు. చెప్పింది. అట్లాంటిది తానెన్నడూ వినలేదని ఆయన నవ్విన నవ్వుకు హేమావతికి ఒళ్లు మండింది. ఆమె ఇచ్చిన ప్రతిని తెరవకుండానే వేలితో పక్కకు నెట్టాడు. ఫోటాన్లు క్షణంలో కారిపోతాయి కదా, ఇంక మిగిలేదేముందన్నాడు. కారిపోయినన్ని మళ్లీ పంపుతామని, నాలుగో పుటలో అంతా ఉందని ఆమె చెప్పింది.

“ఓటికుండలో నీళ్లు పోసి చెరువన్నట్లుండాది.”

అది పేరున్న విదేశీ జర్నల్లో వచ్చిందని తిమ్మరాజు నసిగాడు. దాంతో ఆయనకు ఇంకా రేగింది. ‘ఇది రాసినవాళ్లకు భౌతికశాస్త్రంలో ఓనమాలు రావు’ అని మార్కుల కాగితం మీద రాసి, కింద సంతకం చేసి, తేదీ కూడా వేశాడు. హేమావతి ఆరేళ్లూ ఆ ఒక్క వాక్యంతో మట్టిలో కలిశాయి.

అంతటితో ఆగినా బాగుండేది.

“ఈ పాప సంగతి సరే. దీనికి మొదటి పేరు ఎవరిదో, తప్పంతా వానిది. జర్నల్‌కు నేనే ఉత్తరం రాస్తా. వాని ఉద్యోగం ఊడబెరికిందాకా నిద్రపోను. యాడ పనిచేస్తాడు వాడు?”

వద్దులెండి సార్ అంది హేమావతి. ఆయన వదల్లేదు. పేరు చెప్పకపోతే ఇంకే కాలేజీలోనూ అడుగు పెట్టనివ్వనన్నాడు. ఆమె పేపరును దగ్గరికి లాక్కుని, మొదటి పుట ఆయన వైపు తిప్పింది.

“మీదే సార్.”