సఖీర్ దగ్గర ఆగిన గీత

"ఈ ఏడాది నుంచి కర్జకాన్ మా హద్దులో లేదమ్మా" అంది నాదియా మేడమ్, బడి ఆఫీసు గోడ మీది మ్యాపు చూపిస్తూ.

ఎర్ర గీత రిఫా పట్టణం చుట్టూ తిరిగి, సఖీర్‌లో కొత్తగా కట్టిన కార్ల పందేల మైదానం దాకా వచ్చి ఆగిపోయింది. వినోద ఇల్లు ఆ గీతకు అవతల, మ్యాపులో రెండు వేళ్ళ దూరంలో ఉంది. ఆ రెండు వేళ్ళే ఆమె కొంప ముంచాయి.

రిఫాలోని ఆ బడిలో చెవులు సరిగా వినపడని పిల్లలకు మాటలు నేర్పే క్లాసు ఒకటుంది. పది సీట్లు. ఏడేళ్ళు నిండితే తీసుకోరు. వినోద కూతురు వీరవేణికి వచ్చే నెలతో ఏడు నిండుతాయి. నిరుడు సీట్లు అయిపోయాయన్నారు, వచ్చే ఏడు తప్పకుండా ఇస్తామన్నారు. తీరా ఆ ఏడు వచ్చాక, హద్దు మార్చామని ఉత్తరం పంపారు. ఈ మధ్యాహ్నంతో జాబితా ఖరారు.

వేణికి ఇప్పటికి వచ్చినవి మూడే మాటలు. అమ్మ, బాపు, పాలు. అవీ తండ్రి చలవే. రోజూ పొద్దున్నే, డ్యూటీకి వెళ్ళే ముందు, పరమేశ్ పిల్ల అరచెయ్యి తన గొంతు మీద పెట్టుకొని ఒక్కో మాటే పలుకుతాడు. అతని గొంతులోని అదురు చేతికి తగిలితే, పిల్ల తన గొంతు పట్టుకొని అదే అదురు తెచ్చుకుంటుంది. వాకిట్లోంచి మొదటిసారి 'అమ్మ' అన్న మాట వినపడ్డ రోజు పొయ్యి మీద పాలు పొంగి కారిపోతున్నా వినోద అటు చూడనే లేదు.

బిడ్డకు మాటలు నేర్పే ఆ మనిషికి తాను మాట్లాడాల్సిన చోట మాత్రం నోరు పెగలదు. బస్సుల కంపెనీలో డ్రైవరు. పైవాళ్ళంటే హడలు.

"నువ్వే పోయి అడుగు. నా పేరు మాత్రం తియ్యకు. కంపెనీకి తెలిస్తే లొల్లయితది" అన్నాడు.

"బిడ్డ కోసం గూడ నోరిప్పవా? అడగంది అమ్మన్న పెట్టది!" అని అతన్ని కడిగేసి, వేణిని వెంటేసుకొని తనే టాక్సీ ఎక్కింది. ఎక్కేటప్పుడు గడియారం చూసుకుంది. దిగేటప్పుడూ చూసుకుంది.

"ఇల్లు మారుదామంటే అది మాకు వీసా ఇచ్చిన కఫీల్ ఇల్లు మేడమ్. ఆయన ఉండుమన్న కాడ్నే ఉండాలె. అసలు మా ఊరిని ఎందుకు తీసేసిండ్రు?"

నాదియాది హైదరాబాదు. చెడ్డ మనిషేమీ కాదు. "చిన్నపిల్లలమ్మా. నలభై నిమిషాల కన్నా ఎక్కువ బస్సులో కూర్చుంటే అలసిపోయి క్లాసులో నిద్రపోతున్నారు. అందుకే నలభై దాటిన ఊళ్ళన్నీ తీసేశాం. కర్జకాన్ నుంచి యాభై నిమిషాలు."

"యాభయ్యా? నేనిప్పుడే వచ్చిన. ఇర్వై అయిదు! పొద్దుగాల రోడ్డు ఇంకా ఖాళీగ ఉంటది. ఎవడు చెప్పిండు యాభై అని?"

"మేం ఊహించి గీయలేదు. నిరుడంతా రాసిన లెక్క చూసే గీశాం."

వినోదకు తల తిరిగిపోయింది. "ఆ లెక్క రాసినోడు ఎన్నడన్న కర్జకాన్ మొఖం చూసిండా? ఏసీల సల్లగ కూసొని తోచింది రాసిండు. నా బిడ్డ నోట్లె మన్ను కొట్టిండు. వాని చేతులు పడిపోను!"

ఆమె అరుస్తుంటే ఒళ్ళో ఉన్న వేణి సంబరంగా చెయ్యి చాపి తల్లి గొంతు పట్టుకుంది. అదురు బాగా తగిలింది కాబోలు, "అమ్మ" అంది.

నాదియా కలం కింద పెట్టింది.

"లెక్క తప్పని తేలితే కర్జకాన్‌ను ఇప్పుడే కలుపుతా. వేణికి సీటు నా బాధ్యత. కానీ తప్పు రాసిన వాడి మీద మీరు ఫిర్యాదు ఇవ్వాలి. ఇస్తే వాడి పని ఖలాస్. వీసా రద్దు చేసి ఇంటికి పంపేస్తారు. ఆలోచించుకోండి."

"ఆలోచించేదేముంది? పంపియ్యిండ్రి. రేపటి ఇమానమే ఎక్కియ్యిండ్రి. పసిపిల్ల ఉసురు ఊకెనే పోతదా?"

నాదియా బీరువాలోంచి లావుపాటి ఫైలు తీసి బల్ల మీద తెరిచింది. రోజుకో వరుస. వరుసకు రెండు టైములు. బండి స్టార్ట్ చేసింది ఆరూ అయిదు. బడికి చేరింది ఆరూ యాభై అయిదు. ఏడాది పొడుగునా అవే అంకెలు.

"చేరిన టైములో తప్పు లేదు, మా గేటు దగ్గర కూడా రాసుకుంటారు. తేడా ఉంటే ఈ ఆరూ అయిదులోనే ఉండాలి" అంటూ నాదియా పేజీ చివర వేలు పెట్టింది. "సంతకం తెలుగులో ఉంది. నాకు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. ఎవరిదో చదివి చెప్పమ్మా, ఫిర్యాదులో రాసుకుంటా."

వినోద ఫైలు మీదికి వంగింది. వేణి చెయ్యి ఇంకా ఆమె గొంతు మీదే ఉంది. ఎంతసేపటికీ అదురు తగలక, పిల్ల తల్లి ముఖంలోకి చూసింది.

రోజూ ఆరూ అయిదుకు ఇంటి ముందు బడి బస్సు స్టార్ట్ చేసి, ఏసీ చల్లబడేదాకా అని ఇరవై అయిదు నిమిషాలు దాన్ని కదలనివ్వకుండా, వేణిని ముందు సీట్లో కూర్చోబెట్టుకొని, తన గొంతు మీద దాని చెయ్యి పెట్టుకొని 'అమ్మ' అనిపించిన పరమేశ్ సంతకం అది.