బేసిన్ గారడీ

శనిగ్రహాన్ని వెతకమంటే టెలిస్కోపు వంటింటి పొగగొట్టం వైపు తిరిగి ఆగింది.

గథోని పళ్లు నూరింది. రిమోటు మళ్లీ నొక్కింది. కింద మోటారు గుర్రుగుర్రుమంది. గొట్టం బద్ధకంగా కదిలి ఈసారి నీళ్ల ట్యాంకు దగ్గర ఆగింది.

"పోనీలెండి మ్వాలిమూ, దానికి దాహమేసిందేమో," అన్నాడు వెనకనుంచి కిరిమి.

ఆమె వంగి స్టాండు కాళ్లు మట్టం చూసింది. ఆ మనిషికి జవాబు చెప్పడమే దండగ.

భూమధ్యరేఖ నాన్యుకి ఊరి మీదుగా పోతుంది. ఈ లాడ్జి పచ్చిక మీద దాన్ని పసుపురంగు గీతగా గీశారు. ఆ గీతకు అటో అడుగు ఇటో అడుగు వేసి, చిల్లు బేసిన్‌లో నీళ్లు పోసి, పైన ఒక అగ్గిపుల్ల పడేసి, "చూడండి, ఉత్తరాన ఇటు తిరుగుతాయి, దక్షిణాన అటు తిరుగుతాయి" అని చెప్పడమే కిరిమి బతుకుతెరువు. పోసేటప్పుడు చెయ్యి ఏ వైపు తిప్పితే సుడి ఆ వైపు తిరుగుతుంది. అందులో ఉన్న శాస్త్రం అంతే. ఇరవై ఏళ్లు బళ్లో ఫిజిక్సు చెప్పి, ఊరందరి చేతా మ్వాలిమూ, అంటే పంతులమ్మ, అనిపించుకున్న గథోనికి ఆ బేసిన్ చూస్తేనే ఒళ్లు మండేది.

ఆ మంట ఇవాళ్టితో చల్లారాలి. సాయంత్రం ప్రదర్శన ఇకమీదట ఒకటే ఉంచుతానని మేనేజరు లెకిషోన్ తేల్చి చెప్పేశాడు. నైరోబీ నుంచి వచ్చిన మహిళా సంఘం దేన్ని మెచ్చుకుంటే అదే ఉంటుంది. రెండోవాళ్లు రేపటినుంచి రానక్కర్లేదు.

కిరిమి వంతు అయిపోయింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు కూడా. ఇప్పుడు మందాజీ బూరెలు కొరుకుతూ, చాయ్ తాగుతూ గథోని వైపు చూస్తున్నారు.

ఆమె స్టాండు కాళ్లు మళ్లీ మట్టం చూసింది. రిమోటులో తేదీ, టైము, ఊరు సరిచూసింది. ఉత్తరమా దక్షిణమా అని యంత్రం అడిగితే దక్షిణమని పెట్టింది. అప్పుడే పొడిచిన ఒక చుక్కను గుర్తుగా చూపించింది. సరే, కుదిరింది అంది యంత్రం. అయితే శని ఎక్కడ అని అడిగింది ఆమె. గొట్టం తిన్నగా కోళ్లగూటి వైపు తిరిగింది.

"గీత మీద పుట్టిన మనకే ఎటున్నామో తెలిసి చావదు. పరాయిదేశపు మిషను, పాపం, దానికేం తెలుస్తుంది?" అన్నాడు కిరిమి. "నా నీళ్లని అడగమనండి, చెప్తాయి."

ఆడవాళ్లు పకపకా నవ్వారు.

"నోరు ముయ్యి. నీలాంటి మోసగాళ్ల వల్లే ఈ ఊరికి చెడ్డపేరు."

"మోసమేముందమ్మా ఇందులో? వాళ్లకో నవ్వు, నాకో పూట ఉగాలి ముద్ద."

లెకిషోన్ గడియారం చూసుకున్నాడు. "మ్వాలిమూ, అవుతుందా, అవదా?"

"కటకానికి దుమ్ము పట్టింది. అందరూ అటెళ్లి చాయ్ తాగండి. మీరిలా నెత్తినెక్కి ఊపిరొదుల్తుంటే అద్దం మసకేయదూ?" అని కసిరింది గథోని. హ్యాండ్‌బ్యాగు దగ్గరికి లాక్కుని, నల్లగుడ్డ నెత్తిన కప్పుకుని గొట్టం మీదికి వంగింది. కాసేపు ఏదో తుడిచింది. తర్వాత రిమోటు పక్కన పడేసి, మర వదులుచేసి, ఇంకా వెలుతురు మిగిలిన పడమటి వైపుకి గొట్టాన్ని చేత్తోనే తిప్పి బిగించింది.

"మిషనుతో ఇక పనిలేదు. ఆకాశం నాకు కంఠతా వచ్చు. రండి, ఒక్కొక్కరే. ముట్టుకోవద్దు."

సంఘం పెద్దావిడ నేకేసా ముందుగా కన్ను ఆనించింది.

"ఓయమ్మో, ఉంగరం! ఉంగరంతో సహా ఉన్నాడు! అచ్చం బొమ్మ అతికించినట్టున్నాడే!"

గథోని పెదవి విరిచింది. "మొదటిసారి చూసిన ప్రతివాళ్లూ ఈ మాటే అంటారు. నిజం అలవాటు లేని కళ్లకి నిజం బొమ్మలాగే ఉంటుంది."

రెండో ఆవిడ చూస్తుండగా వెనకావిడ తోసుకొచ్చి స్టాండుని కాలితో తన్నింది. గొట్టం అంతా ఊగింది.

"అబ్బే, శని చెక్కుచెదరలేదర్రా! ఏం గట్టి మిషనే తల్లీ!"

"పూర్తిగా చీకటి పడితే ఇంకా బాగా కనపడదా అండీ?" అని అడిగింది వరసలో చిన్నావిడ.

"ఫిజిక్సు చెప్పింది మీరా, నేనా? త్వరగా కానివ్వండి."

అందరూ చూశారు. నాలుకలాడిస్తూ సంతోషంగా కేకలు పెట్టారు. లెకిషోన్ మొహం విప్పారింది.

"ఇక మాట్లాడేదేం లేదు. రేపటినుంచి సాయంత్రాలు మ్వాలిమువి. కిరిమీ, నీ బేసిన్ ఇంటికి పట్టుకుపో."

కిరిమి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "నన్నూ ఒక్కసారి చూడనిస్తారా?"

ఈగని తోలినట్టు చెయ్యి విసిరింది గథోని. చూడమన్నట్టే. అతను వంగి చాలాసేపు చూశాడు. తలెత్తేసరికి కళ్లు చెమర్చి ఉన్నాయి.

"ఊరికే నోరు పారేసుకున్నాను మ్వాలిమూ. నాది గారడీ. ఇది నిజం."

"ఇప్పటికైనా తెలిసొచ్చింది. పో, ఆ బేసిన్‌లో కోళ్లకి నీళ్లు పెట్టుకో."

అతను బేసిన్ చంకలో పెట్టుకుని, పసుపు గీత దాటి గేటు వైపు వెళ్లిపోయాడు.

అందరూ భోజనాలకు కదిలాక, గథోని కంటి దగ్గరి కటకం మర విప్పి, గోరంత ఫిల్ము ముక్క మీదున్న శనిగ్రహాన్ని చిటికెన వేలి గోటితో ఊడదీసి, రేపటికి మళ్లీ కావాలి కనక జాగ్రత్తగా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.