గౌను అంచు

అత్తగారి కళ్లజోడు మంచం కింద రెండు ముక్కలై దొరికింది. ఆ పూట ఇంట్లో ఉన్నది మేం ముగ్గురమే.

"విరగ్గొట్టింది నువ్వేనా?" అని నా నాలుగేళ్ల కూతుర్ని అడిగాను.

అది నా కళ్లలోకి చూసి, చిన్నగా నవ్వి, "కాదమ్మా, నేను అద్దాలు ముట్టుకోలేదు" అంది.

ఇదివరకు దానికి అబద్ధం చేతయ్యేది కాదు. నేల చూపులు చూస్తూ గౌను అంచు నలిపేది, ఇట్టే దొరికిపోయేది. పెద్ద స్కూల్లో ఎల్‌కేజీ ఇంటర్వ్యూ కోసం ఆ రెండు అలవాట్లూ మూడు నెలలు దగ్గర కూర్చుని నేనే మాన్పించాను. కళ్లలోకి చూడాలి, నవ్వాలి, జవాబు పూర్తిగా చెప్పాలి. వందల మందిలో దానికి సీటొచ్చింది.

"పసిదాన్ని పట్టుకుని ఆ ఆరాలేంటమ్మా? నేనే ఎక్కడో పడేసుకుని ఉంటాను" అన్నారు అత్తగారు.

నాకు నమ్మకం కుదరలేదు. దాన్ని వంటింట్లోకి తీసుకెళ్లాను.

"నిజం చెప్పు. కొట్టను."

"నిజమేనమ్మా. నేను అద్దాలు ముట్టుకోలేదు." అదే నవ్వు.

ఇంకేం అడగాలో తోచక, "పోనీ, నేనంటే నీకు ఇష్టమేనా?" అన్నాను.

నా కళ్లలోకి చూసింది. చిన్నగా నవ్వింది.

"అమ్మంటే నాకు చాలా ఇష్టం."

నా చూపు దాని గౌను మీదికి పోయింది. అంచు ఎక్కడా నలగలేదు.