ఐదో ప్రాంక్

హాల్లో సోఫా ముందు పెద్ద పెట్టె. దాని పక్కన నాన్న. సోఫాలో కళ్ళు తుడుచుకుంటూ అమ్మ.

బడి నుంచి వచ్చిన కుళాయి గుమ్మంలోనే పకపకా నవ్వేసింది. మళ్ళీ మొదలెట్టారన్నమాట!

కుళాయి అనేది క్లాసువాళ్ళు పెట్టిన పేరు. అమ్మానాన్నలు నడిపే వీడియోల చానల్లో ఈ తొమ్మిదేళ్ళ పిల్లే హీరోయిన్. దీన్ని ఏడిపించడమే కథ. బామ్మ పోయిందన్నారు, ఏడ్చింది. కుక్కపిల్లని అమ్మేశామన్నారు, ఏడ్చింది. హాస్టల్లో పడేస్తామన్నారు, ఏడ్చింది. నువ్వసలు మా పిల్లవే కాదన్నారు, ముక్కు కారేదాకా ఏడ్చింది. ఆ వెంటనే "ప్రాంక్!" అంటూ ఇద్దరూ చప్పట్లు. ఆ ముక్కు కారే మొహం ఇప్పుడు స్టిక్కరై క్లాసులో పిల్లల ఇళ్ళల్లో ఫోన్లన్నీ తిరుగుతోంది. పిల్ల సిగ్గుతో చచ్చిపోతోంది. అందుకే, వీళ్ళు తలకిందులుగా తపస్సు చేసినా ఈసారి ఏడవకూడదని గట్టిగా అనుకుంది.

"కూర్చో తల్లీ," అన్నాడు నాన్న. "నేనూ అమ్మా ఇక వేరువేరుగా ఉంటాం."

"అబ్బో, కొత్త కథే!"

"నిజం బంగారం," అంది అమ్మ. "పొద్దస్తమానం ఈ వీడియోల గొడవే. మా ఇద్దరికీ ఇక పడట్లేదు."

అమ్మ నటనలో బాగా ముదిరిందనుకుంది కుళాయి. కెమెరా కోసం పూలకుండీ వెనక వెతికింది. కుర్చీ కింద దూరింది. చివరికి పుస్తకాల మధ్య ఫోన్ దొరికింది. దానికి నాలుక బయటపెట్టి వెక్కిరించింది.

"అది ఆన్‌లో లేదే, నీ మీద ఒట్టు!"

"బామ్మప్పుడూ నా మీదే ఒట్టేశావ్."

అమ్మ కొంగులో మొహం దాచుకుంది.

నాన్న కుళాయిని దగ్గరికి లాక్కుని కౌగిలించుకున్నాడు. ఎంతకీ వదలడే! భుజమంతా తడిపేశాడు. ఓవర్‌యాక్షన్ అనుకుంది కుళాయి. తన కంట్లో మాత్రం ఒక్క చుక్క లేదు. గెలిచేసింది! రేపు క్లాసులో తలెత్తుకు తిరగొచ్చు.

"ఇక చాలు నాన్నా, కట్! పెట్టె నేను లోపల పెట్టేస్తాలే," అంటూ పిడి పట్టుకుంది.

హాస్టల్ ప్రాంకప్పుడు చిటికెన వేలితో ఎత్తేసిన ఆ ఖాళీ పెట్టె, ఇవాళ రెండు చేతులతో లాగినా కదల్లేదు.