ఏ వాడ నీది?

“ఏ వాడ నీది?”

పందిట్లోకి అడుగు పెట్టబోయిన మనిషి ఆగిపోయాడు.

అడిగింది రాజయ్య. ఖానాపూర్ దగ్గరి ఆ పల్లెలో క్రైస్తవ సంఘానికి పెద్ద. సంఘంలో భక్తి మళ్లీ రగలాలని పెట్టిన ఉజ్జీవ కూటాలకని మూడు రోజుల ఉపవాసం పట్టాడు.

“దూరం నుంచొచ్చిన పెద్దయ్యా. వాక్యం విందామని.”

“దూరం సరే. వాడ చెప్పు. మీది వాడోళ్లు కుడి దిక్కు కూచుంటరు. కింది వాడోళ్లు ఎడమ దిక్కు. నిన్నెటు కూచోబెట్టాలె?”

“నడుమ కూచుంట.”

“నడుమ దారి ఉంటది. దారిల ఎవడన్న కూచుంటడా?”

పక్కనున్న సంఘ సేవకుడు పోశం కిసుక్కున నవ్వాడు.

“ఏసుప్రభువు సుత ఏ ఊరోడో చెప్పుకున్నడు గదనే. నీకేం సిగ్గు?”

ఆ మనిషి నవ్వలేదు. ముప్పై అయిదేళ్లుంటాయి. రెండు చేతుల మీదా నీలి మచ్చలు. బొగ్గు గనిలో తగిలిన దెబ్బలు మానినా ఆ మచ్చలు పోవు.

భుజం మీది గుడ్డ సంచి దించాడు.

“ప్రేమ విందుకు బియ్యం తెచ్చిన. మీ చేతికే ఇయ్యాలె.”

రాజయ్య సంచి మూతి విప్పి నాలుగు గింజలు అరచేతిలో పోసుకున్నాడు.

“సన్నయి, దొడ్డయి, నూకలు, అన్ని కలిసినయ్. యాడ అడుక్కొచ్చినవ్?”

“అడుక్కున్నయి కావు పెద్దయ్యా.”

“పోశం, గా మూలకు పడెయ్.”

ఆ మనిషి పందిరి బయట, చెప్పుల పక్కన కూర్చున్నాడు.

రెండో రోజు పందిరి కిటకిటలాడింది. కరీంనగర్ నుంచి వచ్చిన బోధకుడు తప్పిపోయిన కొడుకు తిరిగొస్తే తండ్రి ఎదురెళ్లి కౌగిలించుకున్న బైబిలు కథ చెప్పాడు. రెండు దిక్కులా జనం వెక్కివెక్కి ఏడ్చారు.

అందరికన్నా గట్టిగా రాజయ్యే ఏడ్చాడు.

“ప్రభువా! పదకొండేండ్లాయె. నా బిడ్డ సరోజనకు బుద్ధొచ్చి తిరిగి రావాలె. గప్పుడే నా సంఘానికి ఉజ్జీవం!”

సరోజన ఆయనకు ఒక్కతే బిడ్డ. బోర్డింగులో చదువుకుంటూ, అక్కడ పరిచయమైన వేరే ఊరి కింది వాడ పిల్లవాణ్ణి పెళ్లి చేసుకుంటానని ఉత్తరం రాసింది. రాజయ్య జవాబు రాయలేదు. సంఘం పుస్తకంలో ఆమె పేరు కొట్టేశాడు.

కళ్లు తుడుచుకుంటూ బయటికొస్తే, చెప్పుల పక్కన ఆ మనిషి కూడా కళ్లు తుడుచుకుంటున్నాడు.

రాజయ్య మనసు కాస్త మెత్తబడింది.

“ఇప్పుడన్న చెప్పు. ఏ వాడ?”

ఆ మనిషి రాజయ్య చెప్పులు వెతికి ఆయన కాళ్ల ముందు పెట్టాడు.

మూడో రోజు ఆదివారం. ప్రభు భోజనం.

ద్రాక్షరసం గిన్నె మొదట కుడి దిక్కు తిరిగింది. తర్వాత ఎడమ దిక్కు. ఎప్పుడూ అంతే. చివరికి పోశం పందిరి అంచు దాకా తెచ్చి ఆగాడు.

“పెద్దయ్యా, గీయనకు?”

“వాడ చెప్పిండా?”

“చెప్పలే.”

“అయితే లోపలికి తే.”

గిన్నె వెనక్కి పోయింది.

ఆ మనిషి లేచాడు. చెదిరిన చెప్పులన్నీ జతలుగా సర్దిపెట్టాడు. తన చెప్పులు తొడుక్కుని బస్సు ఆగే దిక్కు నడిచాడు.

“పీడ పోయింది” అన్నాడు పోశం.

విందుకు బియ్యం చాలలేదు.

రాజయ్య భార్య సత్తమ్మ మూలనున్న సంచి లాగింది. చేటలో కుమ్మరించింది. గింజలు చూసి నిలబడిపోయింది.

“ఏమయ్యో, గివి పిడికెడు బియ్యం గదా!”

సంఘంలో ఆడవాళ్లు పూటపూటా ఎసట్లో పోసే ముందు, దేవునికని ఒక పిడికెడు తీసి కుండలో వేస్తారు. ఇంట్లో ఏ పూట ఏ బియ్యం ఉంటే అవే. అందుకే అన్నీ కలుస్తాయి. సంఘ పెద్దకు అది తెలియని సంగతి కాదు.

సత్తమ్మ ఖాళీ సంచి తిరగేసింది. పచ్చ చీర ముక్కతో కుట్టిన సంచి. పసుపు అంచు.

సంచి గుండెకు హత్తుకుంది.

“గిది క్రిస్మసుకు నేను సరోజనకు పెట్టిన చీర!”

రాజయ్య సంచి గుంజుకున్నాడు. మొహం వెలిగిపోయింది.

“నా బిడ్డ పంపింది! నా ప్రార్థన విన్నడు ప్రభువు! సంఘానికి ఉజ్జీవం వచ్చిందే సత్తీ!”

కాళ్లకు చెప్పుల్లేకుండా ఎండలో పరుగెత్తాడు. మూడు రోజుల ఉపవాసం. రెండుసార్లు తూలాడు.

రోడ్డు మీద బస్సు లేపిన దుమ్ము ఇంకా దిగలేదు.

“సిద్దిరాములూ! చేతుల మీద నీలి మచ్చలున్నాయన...”

“గిప్పుడే బస్సెక్కిండు పెద్దయ్యా” అన్నాడు చాయ్ హోటల్ సిద్దిరాములు. “శానసేపు గీడనే కూచున్నడు. చాయ్ పోస్తె తాగలే. ఒకటే ఏడుసుడు.”

“నా బిడ్డ ఎన్నడొస్తదో చెప్పిండా?”

సిద్దిరాములు చేతిలోని గ్లాసు కింద పెట్టాడు.

“పోయిన నెల కాలం చేసిందట పెద్దయ్యా.”

రాజయ్య బల్ల మీద కూలబడ్డాడు. సంచి ఒళ్లో ఉంది.

“ఎందుకేడుస్తున్నవని నేనే అడిగిన. పాణం పోయే ముందు ఆమె ఒట్టేయించుకున్నదట. గా బియ్యం బాపు చేతికే ఇయ్యి, మూడు దినాలు ఉండు, బాపు నీ వాడ అడిగితె ఏం చెప్పకుండ మర్లి రా అన్నదట.”

“అడగకుంటే?”

సిద్దిరాములు తల దించుకున్నాడు.

“‘అడగకుండ తన పక్కన కూచోబెట్టుకుంటె, నీ అల్లుణ్ణి బాపూ అని చెప్పు’ అన్నదట.”