మా అమ్మ ఎవరు?

“మీ అమ్మను తోడుకోని రావద్దు. నువ్వొక్కదానివే రా.”

ఫోన్లో ఆయన అంతకుమించి చెప్పలేదు. పేరు ధనంజయ అనీ, పలమనేరులో పాల డెయిరీ నడుపుతాననీ మాత్రం అన్నాడు. సుజన తను పనిచేసే ల్యాబులో సెలవు చెప్పేసి, తిరుపతి బస్టాండులో కదిలిపోతున్న బస్సును పరుగెత్తి అందుకుంది. ఇరవై నాలుగేళ్లుగా దొరకని జవాబు ఇప్పుడు మూడు గంటల దూరంలో ఉంది.

ఇదే బస్టాండులో ఆనాడు ఒక ఆడమనిషి తలకు గాయంతో, ఒడిలో ఏడాదైనా నిండని పాపతో దొరికింది. పేరడిగితే తెలియదంది. ఊరడిగితే తెలియదంది. ఆసుపత్రిలో నర్సు జాలిపడి తన తల్లి పేరే, లోకేశ్వరి అని, ఆమెకు పెట్టింది. ఆ ఒడిలోని పాపే సుజన. గాయం మానింది గానీ జ్ఞాపకం తిరిగి రాలేదు. లోకేశ్వరి చీరలకు ఫాల్స్ కుట్టి కూతుర్ని చదివించింది. పెద్ద డాక్టరుకు చూపిస్తానని సుజన ఎన్నిసార్లన్నా ఒకటే మాట.

“పోయింది పోనీలే పాపా. నువ్వుండావు కదా, సాలు.”

సుజనకు అది చాలలేదు. అమ్మకూ ఒక అమ్మ ఉంటుంది. తోబుట్టువులుంటారు. వాళ్లంతా ఎక్కడో ఎదురుచూస్తూనే ఉంటారు. అందుకే పోయిన వారం, ఆసుపత్రిలో తీసిన పాత ఫొటోను ‘మా అమ్మ ఎవరు?’ అని రాసి, తన ఫోన్ నంబరుతో ఫేస్‌బుక్‌లో పెట్టింది. తలకు కట్టుతో అమ్మ, ఒళ్లో తను. అది చూసి లోకేశ్వరి ఎప్పుడూ లేనంతగా మండిపడింది.

“ఎవుర్నడిగి పెట్టినావు? తీసెయ్ ముందు.”

అమ్మ అంతగా భయపడటం చూసి సుజన వెంటనే తీసేసింది. అప్పటికే ధనంజయ చూసేశాడు.

బస్సు చిత్తూరు దాటింది. బంగారుపాళ్యం మామిడితోటలు వెనక్కి పోయాయి. మొగిలి ఘాటు ఎక్కుతుంటే చల్లగాలి తగిలింది. ఆయన మా అమ్మకు భర్త అయితే? అంటే తనకు నాయన. ఇన్నేళ్లలో ఎవర్నీ పిలవని ఆ మాటను సుజన పెదవుల మధ్యే ఒకసారి అనుకుని చూసుకుంది.

ధనంజయ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. యాభై ఐదేళ్లుంటాయి. ఆమె ముఖంలోకి చూస్తూ లోపలికి రమ్మని చెయ్యి చూపాడు. హాల్లో గోడకు దండ వేసిన ఫొటో ఉంది. అందులో ఉన్నది ఎవరో వేరే ఆవిడ.

“ఎవరు సార్ ఈమె?”

“నా భార్య. కోమలి.”

“మరి మా అమ్మ మీకేమవుతుంది?”

“ఆయమ్మ ఎవురో నాకు తెలీదు.”

సుజన ఉత్సాహమంతా చప్పున చల్లారింది. “తెలీనప్పుడు నన్నెందుకు పిలిచినారు?”

ఆయన బీరువాలోంచి ఇంకో ఫొటో తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. కోమలి ఒళ్లో పసిపాప. ఒంటిమీద ఆకుపచ్చ ఉన్ని స్వెటరు, దానిమీద తెల్ల దూడ బొమ్మ. సుజన గబగబా ఫోను తీసి ఆసుపత్రి ఫొటో చూసింది. అదే స్వెటరు. అదే దూడ.

“మా అమ్మ అల్లింది. అట్లాంటిది ఇంకోటి యాడా ఉండదు” అన్నాడు ధనంజయ. “ఇరవై నాలుగేండ్ల కిందట వానలో వ్యాను మొగిలి ఘాట్లో బోల్తా పడింది. కోమలి ఆడికాడే పోయింది. పాప దొరకలే. వాగులో కొట్టుకోనిపోయిందన్నారు. మూడు దినాలు వాగెంబడి ఎతికినాను. నీ ఎడం చెవి ముందర పుట్టుకతో వచ్చిన సూదిమొనంత బెజ్జం ఉండాల. సూసుకో.”

సుజన చెయ్యి చెవి దగ్గరికి పోయింది. బెజ్జం వేలికి తగిలింది. ఆయన నెరిసిన జుట్టు పక్కకు తోసి తన చెవి చూపించాడు. అక్కడా అలాంటిదే ఉంది.

ఆమె కుర్చీలో కూలబడింది. ఫోనులోని అమ్మ ఫొటో చూపిస్తూ అడిగింది. “అయితే మా అమ్మ?”

“వ్యానులో ఇంకో ఆడమనిషి ఉండిందంట. బంగారుపాళ్యంలో ఒంటిగా ఎక్కిందని డ్రైవరు చెప్పినాడు. తర్వాత ఆయమ్మా కనబడలే.”

సుజనకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. తలకు దెబ్బ తగిలింది. తెలివొచ్చేసరికి పక్కన ఏడుస్తూ ఒక బిడ్డ.

“మా అమ్మ నన్ను ఎత్తుకోనిపోలేదు సార్” అంది తొందరతొందరగా. “ఆమెకేమీ గుర్తు లేదు. పక్కనుండే బిడ్డ తన బిడ్డే అనుకోనుంటాది.”

ధనంజయ కళ్లు తుడుచుకున్నాడు. “ఆయమ్మ తప్పేముండాది? ఎత్తుకోకుండా వదిలేసుంటే ఆ వానకు నువ్వు బతికుండేదానివే కాదు. పద పాపా, ఆయమ్మకు దండం పెట్టుకోవాల.”

ఆయన కారు తీశాడు. దారంతా ఆయన అడుగుతూనే ఉన్నాడు, సుజన చెబుతూనే ఉంది. ఏం చదివింది, ఏం తింటుంది, చిన్నప్పుడు జ్వరాలొచ్చేవా. చంద్రగిరి దాటుతుండగా ఆమె నోట ‘నాయనా’ అని వచ్చేసింది. ఆయన కారు పక్కకు ఆపి కాసేపు స్టీరింగు మీద తల ఆనించుకున్నాడు.

సాయంత్రం నాలుగున్నరకు లోకేశ్వరి వాకిట్లో కూర్చుని ఫాల్స్ కుడుతోంది. కూతురి వెనక కొత్త మనిషిని చూసి లేచి నిలబడింది. సుజన ఆమె రెండు చేతులూ పట్టుకుని, ఊపిరి తిప్పుకోకుండా జరిగిందంతా చెప్పేసింది.

“నీ తప్పేం లేదమ్మా. ఏదీ గుర్తు లేని మనిషివి, నీకెట్ల తెలుస్తాది? ఇంక భయపడాల్సిన పని లేదు. నువ్వెప్పటికీ మా అమ్మవే.”

ధనంజయ ముందుకొచ్చి చేతులు జోడించాడు. “తల్లీ, నా బిడ్డను బతికించినావు.”

లోకేశ్వరి కూతురి చేతుల్లోంచి తన చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది.

“ఆయన్ను దండం పెట్టొద్దను పాపా.”

“ఎందుకమ్మా?”

“నేను ఏ పొద్దూ ఏదీ మర్సిపోలేదు.”