ఊ కొట్టినవాళ్లు

ఐరాలలో కరెంటు పోయిన రాత్రి మా వీధివాళ్లం సుబ్బులమ్మవ్వ మిద్దెమీద చేరి దెయ్యాల కథలు చెప్పుకుంటాం. ఒకరు చెబుతుంటే ఒకరు ఊ కొట్టాలి. కథ అయ్యాక ఊ కొట్టినవాళ్లే తర్వాతి కథ చెప్పాలి.

"మోహనా, ఈ పొద్దు ఊ కొట్టేది నువ్వేమే," అంది అవ్వ నాతో. ఆమెకు చూపు లేదు. ఊ ఎటు వినిపిస్తే అటు తిరిగి చెబుతుంది.

బెల్లం గానుగ దగ్గర ఒంటరిగా పడుకున్న మనిషి కథ మొదలుపెట్టింది. నేను నోరు తెరిచేలోపే "ఊ" అని వినిపించింది. మేమంతా అవ్వకు ఎదురుగా ఉన్నాం. ఆ ఊ ఆమె వెనక, నీళ్లట్యాంకు వైపు నుంచి వచ్చింది.

అవ్వ మాకు వీపు పెట్టి అటు తిరిగింది.

"అవ్వా, నేనీడుండా! ఆ కొట్టేది నేను కాదు. కత ఆపు."

"నువ్వు గాకుంటే ఇంకెవురో. సగంలో ఆపకూడదమ్మే."

పక్కింటి గుణశేఖరన్న ఫోన్ లైటు ట్యాంకు మీద వేశాడు. ఎవరూ లేరు. ఆ వెలుతురులోంచే మళ్లీ "ఊ" అని వినిపించింది. లేచి పోదామంటే దిగే మెట్లు ఆ ట్యాంకు పక్కనే ఉన్నాయి.

కథ అయిపోయింది. "ఇంక నువ్వు చెప్పు తల్లీ," అంది అవ్వ, ట్యాంకు వైపు.

 అక్కడెవరో గొంతు సవరించుకున్నారు.

"అనగనగా ఒక మిద్దె..."

రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకున్నాను. అయినా వేళ్ల సందుల్లోంచి, నా గొంతుతోనే, "ఊ" అని వచ్చింది.